మునిగిన ఓడను నేను లేపలేదు

సముద్రం మీద ఒక్క రోజు కూడా ఉద్యోగం చెయ్యనిదాన్ని నేను. 1981లో మా నౌకాదళంలో ఆడవాళ్ళను ఓడ ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. అందుకని సిడ్నీ రేవుకు ఎదురుగా ఒక శిక్షణ కేంద్రంలో, పెద్ద బల్ల మీద పరిచిన సముద్రంలో పద్నాలుగేళ్ళు ఓడబొమ్మలు జరిపాను. అధికారులు రెండు జట్లుగా చేరి ఉత్తుత్తి యుద్ధం చేసేవాళ్ళు. ఎవరు ఎటు కదిలారో, ఎవరు మునిగారో గంటా నిమిషాలతో సహా పుస్తకంలోకి ఎక్కించడం నా పని.

ఆ ఏడాది ఎక్కడ విన్నా ఒకటే తగువు. మా విమానవాహక నౌక ముసలిదైపోయింది. దాని బదులు ఇంకొకటి కొనాలా, కోటిన్నర మంది ఉన్న దేశానికి అంత ఓడ ఎందుకా అని. కొనాల్సిందేనని పట్టుబట్టినవాళ్ళలో మా కేంద్రం అధిపతి కమొడోర్ మెర్విన్ హాస్కెల్ ఒకడు. కాన్‌బెర్రా నుంచి పార్లమెంటు సంఘంవాళ్ళు గురువారం చూడ్డానికి వస్తున్నారని ఆ ఓడతో మూడు రోజుల ఆట ఏర్పాటు చేశాడు.

శత్రువు పాత్ర లెఫ్టినెంట్ కమాండర్ గావిన్ లాకియర్‌ది. అతనికి ఇచ్చినవి రెండే రెండు పాత జలాంతర్గాములు. బుధవారం పొద్దున్న వాటిని సరుకు ఓడలు తిరిగే దారి కింద, ఆ చప్పుళ్ళ మాటున దాచాడు. పెద్ద ఓడ తనంతట తాను దగ్గరికొచ్చేదాకా కదల్లేదు. పదకొండు నలభైకి ఆరు టార్పెడోలు వదిలాడు. పాచికలు వేశాం. మూడు తగిలాయి. నిబంధనల ప్రకారం మునగడానికి రెండు చాలు.

బొమ్మను బల్ల మీంచి తీసేసి పుస్తకంలో రాశాను: "11.40. విమానవాహక నౌక మునిగింది."

"దాన్ని మళ్ళీ పెట్టు, ట్రాంటర్," అన్నాడు కమొడోర్.

"మునిగిపోయింది, సర్."

"నాకూ కళ్ళున్నాయి. రేపు వాళ్ళొచ్చేసరికి ఓడ లేకపోతే ఏం చూపిస్తాం, ఉప్పునీళ్ళా? ఆ పేజీ చింపేసి మళ్ళీ రాయి. జలాంతర్గాములు రేవు దాటలేదని రాయి."

లాకియర్ వైపు చూశాను. అతను తన బూట్లు చూసుకుంటున్నాడు. ఆ నెలలోనే అతనికి ప్రమోషన్ రావాలి.

"బొమ్మ కావాలంటే మీరు పెట్టుకోండి, సర్. పేజీ మాత్రం చింపను."

"ఒక్కసారైనా సముద్రం మీదికి వెళ్ళావా నువ్వు? ఓడల గురించి నాకు నేర్పుతావా?"

"వెళ్ళనిస్తేగా, సర్! ఓడల సంగతి మీకే తెలుసు. పుస్తకం మాత్రం నాది."

గదిలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. కమొడోర్ ముఖం కందిపోయింది. ఓడను తనే తీసి పెట్టాడు. నేను కిందనే ఇంకో వరుస రాశాను: "11.52. మునిగిన ఓడను కమొడోర్ హాస్కెల్ స్వహస్తాలతో తిరిగి బల్ల మీద పెట్టారు. ఆట కొనసాగింది."

భోజనాల దగ్గర లాకియర్ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మహా మొండిదానివి, నోరీన్. ఆ ఓడంటే నీకెందుకంత కోపం?"

"కోపమా? నాకు ఆ ఓడ కావాలయ్యా! పోయిన నెల అది లేకుండా ఆడితే మన సరుకు ఓడలు తొమ్మిదీ పోయాయి, మర్చిపోయారా? పైన కాపలాకి ఒక్క విమానం లేక. అదీ నేనే రాశాను. అప్పుడెవరూ చింపమనలేదే!"

అతను మాంసం కూరిన రొట్టెను సగంలో వదిలేసి లేచిపోయాడు.

గురువారం సంఘం పెద్ద రట్లెడ్జ్ పుస్తకం అడిగి తీసుకుని, ఒక చోట వేలు పెట్టి ఆగాడు.

"ఇదేంటి, స్వహస్తాలతో?"

"ఆట సాగాలి కదా, సర్. మామూలే," అన్నాడు కమొడోర్.

రట్లెడ్జ్ నా వైపు తిరిగాడు. "మునిగిందా, లేదా?"

"మునిగింది, సర్. వెనక్కి తిప్పితే ఓడ లేని ఆట కూడా ఉంది. అది ఇంకా ఘోరం. రెండూ చదవండి."

"ఇంతకీ కొనమంటావా, వద్దంటావా?"

"కొనండి, సర్. కానీ మునుగుతుందని తెలిసి కొనండి. దాన్ని కాచే ఓడలతో కలిపి కొనండి. మునగదని ఎవరైనా చెబితే నమ్మి మాత్రం కొనకండి."

అప్పుడు వెనక నుంచి లాకియర్ గొంతు వినబడింది. "ఆ టార్పెడోలు వేసింది నేనే, సర్. మళ్ళీ ఆడమన్నా అక్కడి నుంచే వేస్తాను."

అతని ప్రమోషన్ ఏడాది ఆగింది. నన్ను దుస్తుల గిడ్డంగికి బదిలీ చేశారు. రట్లెడ్జ్ నివేదికలో రెండు ఆటలూ ఉన్నాయట. చదివినవాళ్ళు ఎవరికి నచ్చింది వాళ్ళు చదువుకున్నారు. రెండేళ్ళకు ప్రభుత్వం మారింది, ఓడ కొనే మాట ముగిసిపోయింది.

పదవీ విరమణకు ముందు హాస్కెల్ కొత్త టోపీ కోసం నా గిడ్డంగికే వచ్చాడు. బాగా చిక్కిపోయాడు.

"సంతోషమేనా ఇప్పుడు? ఓడ లేకుండా చేశావు."

"ఆ వార్త విన్న రోజు ఏడ్చాను, సర్. అయినా ఇవాళ చెప్పినా ఆ పేజీ చింపను."

ఆయన తల కొలత చెప్పాడు. టోపీ తెచ్చి చేతికిచ్చి, వరసలో తర్వాతి మనిషిని పిలిచాను.