నాలుగు రేసుల మొక్కు

అబద్ధమాడితే అతికినట్టుండాలన్నారు పెద్దలు. నానాజీ ఆడిన అబద్ధం ఎంత బాగా అతికిందంటే, ఆ తర్వాత ఊడబెరకడానికి వాడి తరం కాలేదు. ‘సర్వర్ డౌన్’ అన్నాడు. ఈ రెండు ముక్కలకీ మన దగ్గర సాక్ష్యం అడిగేవాడు లేడు. రేషను దుకాణంలో వేలిముద్ర పడకపోతే సర్వర్ డౌన్. పాసు పుస్తకం రాకపోతే సర్వర్ డౌన్. బ్యాంకులో గుమస్తా టీకి వెళ్లినా సర్వర్ డౌనే. ఆ మాట వినగానే మనిషి మారుమాట్లాడకుండా ఇంటికెళ్లి మర్నాడు మళ్లీ వస్తాడు. నానాజీ బావ త్రినాధరావు కూడా అంతే చేశాడు. కాకపోతే ఆయన పద్దెనిమిది రోజులు వరసగా అడిగాడు.

త్రినాధరావు లారీ డ్రైవరు. అనకాపల్లి బెల్లాన్ని ఏళ్ల తరబడి కలకత్తా దాకా మోసినవాడు. నాలుగేళ్ల కిందట ఒడిశా రోడ్డులో వెనక దీపాల్లేకుండా ఆగి ఉన్న ట్రాక్టరుని గుద్దాడు. ఎవరి ప్రాణమూ పోలేదు గానీ ఆయన కుడి మోకాలు నుజ్జయింది. రాడ్డు వేశారు, నడక వచ్చింది, కాలు బాగానే ఉంది ఇక బండి నడుపుకోవచ్చని డాక్టరే చెప్పాడు. బాగుపడనిది లోపలి మనిషి. స్టీరింగు ముందు కూర్చుంటే చాలు, అరచేతులు చెమటతో తడిసిపోయేవి. తలుపు తీసుకుని దిగిపోయేవాడు. అప్పట్నుంచీ సంసారం రాజశ్రీ కుట్టుమిషను మీదా, ఆమె తమ్ముడు నానాజీ జీతం మీదా నడుస్తోంది. నానాజీకి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో ప్యాకింగు పని. గవరపాలెంలో అక్కా బావల ఇంట్లోనే ఉంటాడు.

మూడేళ్ల కిందట నానాజీ గేమ్ బాక్సు కొన్నాడు. దానితో పాటు కార్ల రేసుల ఆట తెచ్చాడు, ఆ వరసలో నాలుగో భాగం. ఎవరో వాడి వదిలేసిన స్టీరింగూ పెడళ్లూ సెట్టు కూడా దొరికింది. ఓ ఆదివారం వేళాకోళానికి, “రా బావా, నడుపు” అన్నాడు. వద్దు వద్దంటూనే త్రినాధరావు కూర్చున్నాడు.

ఆ ఆటలో కెరీర్ అని ఒకటుంది. డొక్కు కారుతో చిన్న ఊళ్లో మొదలుపెట్టాలి. గెలిచేకొద్దీ పెద్ద ఊళ్లు, పెద్ద కార్లు, అన్నిటికీ చివర ఒక కప్పు. నెట్టు అక్కర్లేదు, తరిమేవాడు లేడు, ఓడిపోతే మళ్లీ నడుపుకోవచ్చు. క్లీనరుగా మొదలై డ్రైవరైన మనిషికి కింద నుంచి పైకి రావడమంటే ఏమిటో ఒకరు చెప్పాలా? కారుకి పసుపు రంగు వేయించి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘నూకాలమ్మ’ అని పేరు రాయించుకున్నాడు. మొదట్లో ఆ ఉత్తుత్తి స్టీరింగుకే చేతులు చెమట పట్టేవి. ఆర్నెల్లకి తగ్గింది. రెండేళ్లు తిరిగేసరికి కూనిరాగం తీస్తూ మలుపులు తిప్పేవాడు. ఆ రాగం వినబడితే రాజశ్రీ మిషను ఆపి వినేది. ఎందుకాపావని అడిగితే దారం తెగిందనేది.

బెల్లం మార్కెట్లో వ్యానులు నడిపించే వెంకటరమణ ఈ సంగతి విని ఇంటికొచ్చాడు. ఆయన త్రినాధరావుకి పాత స్నేహితుడు. “కొత్త వ్యాను తీసేను బావా. ఎస్. రాయవరం ఊళ్లన్నీ తిరిగి బెల్లం ఏసుకొచ్చీడమే పని. నువ్వొత్తానంటే తాళాలు నీకే” అన్నాడు.

త్రినాధరావు ఆలోచించి చెబుతానని, తిన్నగా నూకాలమ్మ గుడికి వెళ్లాడు. వచ్చాక నానాజీని పక్కన కూర్చోబెట్టుకుని, “ఒరే, అమ్మోరికి మొక్కేసేనురా. ఇంక నాలుగు రేసులే కదేటి. ఆ కప్పు కొట్టిన మర్నాడే వ్యానెక్కుతానన్నాను. అందాకా నిజం స్టీరింగు ముట్టుకోను” అన్నాడు.

నానాజీ పకపకా నవ్వాడు. “బోడిగుండుకీ మోకాలికీ ముడెడతన్నావు బావా.”

“మోకాలెలాగూ నాదే. కప్పు రానీ, గుండు కూడా సేయించుకుంటాను” అన్నాడు ఆయన. మిషను దగ్గరున్న రాజశ్రీతో సహా ముగ్గురూ నవ్వుకున్నారు. నానాజీకి నవ్వొచ్చిన మాట నిజమే గానీ, ఆ మొక్కు ఎంత గట్టిదో వాడికి తెలియకపోలేదు. బావ నోటివెంట వచ్చిన మాట వెనక్కి పోదు.

సరిగ్గా అప్పుడే ఐదో భాగం వచ్చి పడింది. ఇక ముందు ఆటంతా ఆన్‌లైన్‌లోనే, లోకంలో ఉన్నవాళ్లంతా ఒకే రోడ్డు మీదే అని ఆట తయారుచేసే కంపెనీవాళ్లు ఊదరగొట్టారు. నానాజీకి ఆన్‌లైన్‌లో ఒక టీము ఉంది. ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగని ఐదుగురు. గాజువాకలో ఉండే అయ్యప్ప వాళ్లకి కెప్టెన్. మొదటి వారంలో దిగినవాడికే టీములో చోటని అతను తేల్చి చెప్పాడు. పాత డిస్కు ఇస్తే కొత్తది తగ్గించి ఇస్తానన్నాడు దుకాణంవాడు. నానాజీ బావని ఒక్క మాట అడగలేదు. పాతది ఇచ్చేసి కొత్తది పట్టుకొచ్చాడు.

బాక్సులో చోటు చాలలేదు. పాత ఆట తీసెయ్యనా అని అడిగితే ఓకే కొట్టాడు. దాచుకున్న కెరీర్ కూడా చెరిపెయ్యనా అని మళ్లీ అడిగింది. పక్కన చిన్న బొమ్మలో పసుపు కారు, దాని మీద అమ్మవారి పేరు. గమనించలేదని తర్వాత ఎన్నిసార్లు తనకి తాను చెప్పుకున్నాడో! గమనించాడు. చెయ్యి ఆగింది కూడా. పది గంటలకి టీము కలవాలి, ఒంటిగంటకి కంపెనీ బస్సు. కొత్తదాంట్లోనూ కెరీర్ ఉంటుందిలే, బావ మళ్లీ మొదలెట్టుకుంటాడులే అనుకున్నాడు. ఓకే కొట్టేశాడు.

కొత్తదాంట్లో ఉన్న కెరీర్ ఆరే ఆరు పాఠాలు. బ్రేకు ఇలా, గేరు ఇలా అని నేర్పి, ఆరోది అవగానే ‘ఇక ఆన్‌లైన్‌కి రండి’ అంది. అంతే సంగతులు.

ఆ ఆదివారం త్రినాధరావు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. నాలుగింటిలో మొదటి రేసు కదా. “నా బండేదిరా?” అన్నాడు తెర చూసి.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నానాజీ నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోట్లోంచి, “అది సర్వర్లోకి ఎక్కించేసేరు బావా. సర్వర్ డౌన్” అని వచ్చింది.

“మరి నువ్వాడతన్నావు కదా?”

“ఆన్‌లైన్ సర్వర్ వేరు, కెరీర్ సర్వర్ వేరు.”

“ఔనౌను. రేషనుదొకటి, పింఛనుదొకటి ఉంటాది కదా” అని త్రినాధరావే సర్దిచెప్పాడు. మోసపోయేవాడే మోసానికి అతుకు వేసి ఇస్తుంటే నానాజీ రేపు చెబుదాం అనుకున్నాడు.

రేపు రానే వచ్చింది. పొద్దున్నే టీ గ్లాసుతో బావ ఎదురయ్యాడు. “సర్వర్ లెగిసిందేటిరా?”

“లేదు బావా.”

మూడో రోజు అదే ప్రశ్న, అదే జవాబు. వారం తిరిగాక నానాజీ టీ వేళకి వీధిలోకి తప్పుకోవడం మొదలెట్టాడు. ప్యాకింగులో అట్టపెట్టెల మీద చీటీలు తలకిందులుగా అంటించి సూపర్‌వైజరు చేత చీవాట్లు తిన్నాడు. తప్పు చేసినందుకు ఒక బాధ, రోజూ అబద్ధంతో బావని నమ్మించినందుకు ఇంకో బాధ. అయినా చెప్పలేదు. చెప్పడం రోజురోజుకీ బరువెక్కుతుంది మరి, మొదటి రోజు గోనెసంచి అయినది పదో రోజుకి లారీ లోడవుతుంది.

రెండో ఆదివారం వాడే ఉండబట్టలేక, “అందాకా ఈ ఆన్‌లైన్‌ది నడుపు బావా, సెయ్యి ఆడుతుంటాది” అని స్టీరింగు అందించాడు. అలా ఇస్తే కొంత పాపం పోతుందనుకున్నాడు కాబోలు.

“ఇది ఏ ఊరెల్తాదిరా?” అన్నాడు త్రినాధరావు.

“ఊరేటి బావా. రేసులే. గెలిత్తే ర్యాంకు పెరుగుతాది. రెండు నెలలకి సీజను అయిపోయి మళ్లీ మొదటికొత్తాది.”

“మరైతే బండి దిగేదెప్పుడు?”

నానాజీ స్టార్టు నొక్కేశాడు. రేసు మొదలైంది. వెనక నుంచి బండి దూసుకొస్తుంటే త్రినాధరావు ఎడమకి జరిగి, వేగం తగ్గించి, సైడిచ్చాడు. గాల్లో చెయ్యి ఊపి పొమ్మన్నాడు కూడా. వాడు పోయాడు. తర్వాతివాడికీ ఇచ్చాడు. సొంత టీమువాళ్లకిచ్చాడు, అవతలి టీమువాళ్లకిచ్చాడు, లోకంలో ఎవరెవరో అడక్కుండానే అందరికీ ఇచ్చాడు. పదకొండు మందీ పోయాక తాపీగా కదిలాడు. హైవే మీద అన్నేళ్లు బతికి బయటపడింది ఆ మర్యాద వల్లే.

టీవీలోంచి అయ్యప్ప గొంతు ఖంగుమంది. “ఎవడ్రా ఈ ముసిలోడు? నానాజీ, నీ బండి ఎవడికిచ్చేవు? ర్యాంకంతా నాశనం!”

నానాజీ మైకు అందుకున్నాడు. “సారీ అన్నా. ఎవరో పక్కింటాయన” అన్నాడు.

గదిలో మిషను చప్పుడు ఆగింది. ఈసారి దారం తెగలేదు. త్రినాధరావు స్టీరింగుని నెమ్మదిగా కింద పెట్టి, “తప్పు నాదేలేరా. ఎనకాలోడు తొందరలో ఉంటే సైడివ్వకుండా ఎలాగ? నాకీ లైను పడదు. నా సర్వరొచ్చేక సూసుకుంటాను” అని లేచాడు. ‘పక్కింటాయన’ ఊసు ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నానాజీకి ఆ పూట అన్నం సహించేది.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం నానాజీ నెహ్రూచౌక్‌లో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంటే, వెంకటరమణ బండి ఆపి పలకరించాడు. “ఏటి నానాజీ, ఆ ఆర్టీఓ ఆఫీసోళ్ల సర్వర్ ఇంకా లెగలేదా?”

“ఆర్టీఓ ఏటి?”

“మీ బావ లైసెన్సు కదేటి? ఎప్పుడడిగినా సర్వర్ డౌన్, రాగానే ఎక్కుతానంటన్నాడు. లైసెన్సు రెన్యూవల్ అనుకుని వ్యాను షెడ్డులో ఎట్టి కూకున్నాను. రైతులు ఊరుకోరు కదా. పొద్దున్న డ్రైవరు పరదేశికి తాళాలిచ్చీసేను. ముందు మీ బావకి సెప్పే ఇచ్చేన్లే.”

“బావేటన్నాడు?”

“ఏటంటాడు? ‘ఇంకేటి సేత్తావు, సర్వర్ మన సేతిలో ఉన్నాదేటి’ అన్నాడు. మంచోడు పాపం.”

కంపెనీ బస్సు వచ్చింది, ఆగింది, హారను కొట్టింది. నానాజీ ఎక్కలేదు. గవరపాలెం దాకా ఎలా నడిచాడో వాడికే తెలియదు. ఆ పద్దెనిమిది రోజుల్లో ఏ ఒక్క రోజు నోరు విప్పి ఉన్నా, వ్యాను బావ కోసం షెడ్డులో సిద్ధంగానే ఉంది. ఆ సంగతి ఒక్కటే అడుగడుగునా తగులుతూ వచ్చింది.

త్రినాధరావు అరుగు మీద కూర్చుని రాజశ్రీ కుట్టిన జాకెట్లకి హుక్కులు కుడుతున్నాడు. బారెడు పొద్దుండగా ఇంటికొచ్చిన బావమరిదిని చూసి, “డ్యూటీకెళ్లలేదేటిరా, ఒంట్లో బాగోలేదా?” అన్నాడు.

“సర్వర్ లేదు బావా.”

“తెలుసు కదరా, డౌను...”

“డౌన్ కాదు. అసలు ఏ సర్వరూ లేదు. నీ కెరీర్ నేనే చెరిపేసేను. చోటు చాలక. నీ బండి కనబడింది, సూసే చెరిపేసేను. డిస్కు కూడా ఇచ్చేసేను. ఇన్నాళ్లూ అబద్ధమాడేను.”

ఒక్క గుక్కలో కక్కేశాడు. గుమ్మంలోకి వచ్చిన రాజశ్రీ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. త్రినాధరావు చేతిలో సూది చేతిలోనే ఉంది.

“నాలుగు రేసులూ?”

“అన్నీ బావా. మొదట్నించీ అన్నీ.”

ఆయన సూదిని దారపు ఉండకి గుచ్చి పక్కన పెట్టాడు. కొడతాడేమోనని నానాజీ చూశాడు. కొడితే బావుణ్ణని కూడా చూశాడు.

“పోనాదని ఆ రోజే సెప్పుంటే అయిపోను కదరా,” అన్నాడు త్రినాధరావు. “కప్పే లేకపోతే ఇంక మొక్కెక్కడిది? అమ్మోరికి రెండరిటిపళ్లెట్టి, తప్పైపోనాది తల్లీ అని దండమెట్టుకుని ఆ సాయంత్రమే వ్యానెక్కీవోణ్ని. నాకు సెయ్యొచ్చేసిందిరా. భయం పోయి ఏడాదైనాది. నువ్వు ఉన్నాదన్నావు. ఉన్నాదంటే కూకున్నాను.”

నానాజీ అరుగు మీద చతికిలబడ్డాడు. ఆట పోవడం బావకి దెబ్బే కాదు. దెబ్బ తగిలిందంతా తన నోటితోనే.

త్రినాధరావు లోపలికెళ్లి చొక్కా తొడుక్కొచ్చాడు. “వెంకటరమణ కాడికెల్లొత్తాను. పరదేశి ఎప్పుడైనా సెలవెడితే పిలవమంటాను” అన్నాడు రాజశ్రీతో.

నానాజీ దిగ్గున లేచాడు. “నేనూ వత్తాను బావా. తప్పంతా నాదేనని నేనే సెప్తాను.”

“వద్దు.”

“నిజమే సెప్తాను బావా, ఒట్టు.”

త్రినాధరావు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ ఆగి, వాడి ముఖంలోకి చూశాడు. కోపంగా చూడలేదు. తన పెళ్లప్పుడు వాడు పదేళ్ల పిల్లాడిగా ఉన్నప్పట్నుంచీ ఏది చెప్పినా నమ్మిన మనిషి ఆయన.

“వద్దురా. నువ్వాడికేటి సెప్పినా, అది నిజమో కాదో నాకు తెలీదు” అని గేటు తీసుకుని మార్కెట్టు వైపు వెళ్లిపోయాడు.