చెడగొట్టి చూసే బల్ల

ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ ఆగిపోయిన ఆ మధ్యాహ్నం తరువాత లన్యేరోను ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే స్విచ్చుల గది తాళంచెవి వెనక్కి తీసుకుని, ముందు గదిలో రోగుల చీటీలు ప్రింటు చేసే కుర్చీలో కూర్చోబెట్టారు, అంతే. ఆ రోజు ఆమె చేసిందల్లా, ఊడి వేలాడుతున్న ఒక కేబుల్‌ను స్విచ్చులో ఖాళీగా ఉన్న చోట గుచ్చడం. కాసేపటికే ఏ కంప్యూటరూ పలకలేదు. రక్తపరీక్షల ఫలితాలు అందక, పసిపిల్లలను ఒళ్లో వేసుకున్న తల్లులు సాయంత్రం దాకా వరండాలో కూర్చుండిపోయారు.

"గులూ ఊరు మొత్తాన్ని ఆపేసిన పిల్ల వచ్చింది, దారివ్వండర్రా!" అనేవారు క్యాంటీన్‌లో. ఆమె కూడా నవ్వేది. కానీ ఆ తరువాత ఏ తీగ ముట్టుకోబోయినా వేళ్లు వెనక్కి వచ్చేసేవి.

ఎవరికీ నష్టం లేకుండా తప్పు చేయగల చోటు ఒకటి కావాలని ఆమెకు తోచింది. కంపాలా వెళ్లి, ఎవరో వాడి వదిలేసిన రెండు స్విచ్చులు, ఒక రౌటర్ కొని, గోనెలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఆమె ఉండేది మేనత్త అచిరో దగ్గర. అచిరోకు మార్కెట్ పక్కన కుట్టుకొట్టు ఉంది. గుడ్డలు కత్తిరించే బల్ల మీద ఆ పెట్టెలు పెట్టి కరెంటు ఇవ్వగానే అవి హోరుమన్నాయి.

"ఏమే, ఏంటా రొద?"

"లోపల ఫ్యాన్లున్నాయి అత్తా. వేడెక్కకుండా."

"ఇన్నేళ్లుగా ఇక్కడ ఉడికిపోతున్నా, నాకు లేదు గానీ ఫ్యాను, వాటికి కావాల్సొచ్చిందా!"

ఇస్త్రీపెట్టె పెట్టేసరికి ఫ్యూజు పోయింది. చివరికి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇస్త్రీ ఉండకూడదని, బల్ల లన్యేరోదని ఒప్పందం కుదిరింది.

మొదటి ఆదివారం పాత యజమాని పెట్టిన పాస్‌వర్డు చెరపడంతోనే సరిపోయింది. తరువాత కేబుళ్లు తనే కత్తిరించి, కొసలు బిగించి, రెండు స్విచ్చులనూ కలిపింది. పాత ల్యాప్‌టాప్‌తో వాటిని పలకరిస్తే బదులొచ్చింది. ధైర్యం చిక్కాక ఒకనాడు, ఆసుపత్రిలో చేసిన తప్పునే మళ్లీ చేసింది. రెండు స్విచ్చుల మధ్య రెండో కేబుల్ గుచ్చి, కళ్లు మూసుకుంది.

ఏమీ కాలేదు. రెండో కేబుల్ దగ్గర దీపం నారింజ రంగులో నిలిచిపోయింది, మిగతావన్నీ మామూలుగానే ఉన్నాయి.

ఆమెకు అర్థం కాలేదు. పుస్తకం తిరగేసింది. దారి గుండ్రంగా కలిసిపోయి, పంపిన సమాచారం అందులోనే తిరుగుతూ ఉండకుండా, స్విచ్చు తనంతట తానే ఒక దారి మూసేస్తుందట. ఆ కాపలాను ఆపేసి మళ్లీ చూసింది. ఒక్కసారిగా దీపాలన్నీ పిచ్చెత్తినట్టు కొట్టుకున్నాయి. ల్యాప్‌టాప్ మూగబోయింది.

"పాడైపోయిందా?" అచిరో కుట్టు ఆపి అడిగింది.

"లేదత్తా, నేనే పాడుచేశా." కేబుల్ పీకగానే అంతా సర్దుకుంది. లన్యేరో ఇంకోసారి గుచ్చి, పీకి చూసింది. అయితే ఆసుపత్రిలో ఆ కాపలాను ఎవరో ముందే ఆపేసి ఉండాలి.

మర్నాడు ఆ సంగతి పెద్దాయన ఒజారాకు చెప్పింది. ఆసుపత్రిలో కంప్యూటర్ల బాధ్యత ఆయనదే. ఆయన తలుపు దగ్గరగా వేశాడు.

"ఆపింది నేనే. దానివల్ల పొద్దున్నే కంప్యూటర్లు లేవడం ఆలస్యమవుతోందని డాక్టర్లు గోల పెడుతుంటే ఆపేశా."

"అంటే మీకు ముందే తెలుసా సార్?"

"ఆ సాయంత్రమే తెలిసింది. అప్పటికే అందరూ నీ పేరే అంటున్నారు. నేను ఊరుకున్నా."

వరండాలో కూర్చున్న తల్లుల ముఖాలు ఇన్నాళ్లూ ఆమె కళ్లలోంచి పోలేదు. ఈయన మాత్రం రోజూ తనకేసి పలకరింపుగా తల ఊపి వెళ్లిపోయాడు.

"కేబుల్ గుచ్చింది నేనే. చూడకుండా గుచ్చడం తప్పే," అంది. "మీది మీరు చెప్పండి సార్. నాతో కాదు, వాళ్లతో."

ఆయన రెండు రోజులు ఆమె కంట పడలేదు. మూడో రోజు ఉదయం సమావేశంలో, నర్సులూ డాక్టర్లూ ఉండగా లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. తాళంచెవి మళ్లీ లన్యేరో చేతికి వచ్చింది గానీ, ఆమె వెంటనే ఆ గదిలోకి వెళ్లలేదు. ఆసుపత్రి స్విచ్చుల్లో కాపలా తిరిగి పెట్టే పని, కంప్యూటర్లు ఆలస్యం కాకుండా చేసే పని ముందు కుట్టుకొట్టులో చేసి చూద్దామని ఒజారాతో అంది.

ఆదివారం ఒజారా వచ్చాడు. చర్చి బట్టల్లోనే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గుమ్మంలో నిలబడ్డాడు. అచిరో ఆయన్ను పైనుంచి కిందికి చూసింది.

"మా పిల్లను మాటలు పడనిచ్చింది నువ్వేనా నాయనా?"

"నేనేనమ్మా."

"సరే, కూర్చో. ఆకలేస్తే చిలగడదుంపలున్నాయి."

లన్యేరో ఆయన ముందుకు కేబుల్ జరిపింది. ఆయన దాన్ని అందుకుని, గుచ్చకుండా ఆమె వైపు చూశాడు. ఆమెకు ఆశ్చర్యం వేసింది, కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

"గుచ్చండి సార్," అంది. "ఇక్కడ ఏం చెడినా పర్లేదు."