ఇంటికంటే ముందు సముద్రం

కొత్త ఇంటికి కొలతలు గీసే రోజున సున్నం డబ్బా రాజకుమారి తన చేతిలోకి తీసుకుంది. వంటిల్లు, పడకగది, వసారా వరసగా గీసింది. చివరికి నట్టనడుమ అన్నిటికంటే పొడుగ్గా ఒక గడి గీసి, వెనక్కి జరిగి నిలబడింది.

"ఇదేటి? దేముడి గదా?" అన్నాడు మల్లేశు.

"సముద్రం."

మల్లేశు నవ్వలేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాడు. అనంతగిరి దగ్గర గూడెం వాళ్ళది. అతనికి కాఫీ తోట, మిరియాల పాదులు. ఆమె ఆశ్రమ పాఠశాలలో జీవశాస్త్రం టీచర్. విశాఖపట్నంలో డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి లెక్చరర్ క్లాసందర్నీ సముద్రపొడ్డున రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. నీళ్ళు వెనక్కి పోయాక రాళ్ళ గుంటల్లో చారల చేపలు మిగిలాయి. పువ్వులా విచ్చుకుని, వేలు తగలగానే ముడుచుకుపోయే జీవులున్నాయి. శంఖాల్లో కాపురం పెట్టిన పీతలున్నాయి. అందరూ ఫొటోలు దిగి బస్సెక్కేశారు. కొండల్లో పుట్టిన రాజకుమారి మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని గుంటలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ గుంటని ఇంటికి తెచ్చుకోవాలని ఆ రోజే అనుకుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఆమె మనసులో పెరుగుతూ వచ్చి, రెండువేల రెండు నాటికి పన్నెండడుగుల పొడవైంది.

మల్లేశు తల్లి దేముడమ్మ కర్ర పట్టుకుని ఆ గీత చుట్టూ తిరిగింది. "సోళ్ళ గింజలెక్కడ పోత్తావే గుంటా? గాదె సోటు సేపలకిచ్చీసినావేటి?"

"గాదె వెనకాల కడదాం అత్తా."

"నా సిన్నప్పుడు పిడికెడు ఉప్పుకి అడ్డాకుల మోపు నెత్తినెట్టుకుని కొండ దిగీవోళ్ళం. నువ్వేమో అంత ఉప్పునీళ్ళలో సేపల్ని ఈదిత్తానంటన్నావు!" దేముడమ్మ బుగ్గలు నొక్కుకుంటూ వెళ్ళిపోయింది.

మేస్త్రీని రమ్మనే ముందే భార్యాభర్తలిద్దరూ భీమిలి బస్సెక్కారు. అక్కడ రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలో కొండబాబు పనిచేస్తున్నాడు. రాజకుమారి క్లాస్‌మేట్. విషయం వినగానే అతను చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఎంత లోతు?"

"మూడడుగులు. వెడల్పు నాలుగు."

కొండబాబు పుల్ల తీసుకుని ఇసకలో గీయడం మొదలెట్టాడు. "నాలుగు టన్నుల నీరు. ఇంట్లో ఏనుగుని నిలబెట్టినట్టే. బావా, కింద రాయి తగిలేదాకా తవ్వించు. మూడు పక్కలా కాంక్రీటు, ముందు అద్దం. ఆ అద్దం గోడలు లేవకముందే లోపలికి రావాలి, తర్వాత గుమ్మంలో పట్టదు. కింద ఇంకో చిన్న తొట్టి. పై నీరు పొంగి అందులోకి దిగాలి, మురికి అక్కడ వదిలి పంపుతో మళ్ళీ పైకెక్కాలి."

"సముద్రం నీరో?" అన్నాడు మల్లేశు.

"మా దగ్గర వడకట్టింది ఉంది. టాంకర్ మీద పంపుతాను. ఆవిరైన నీటికి బదులు మీ కొండవాగు, ఆ గెడ్డ నీళ్ళే పోసుకోండి. ఉప్పు ఆవిరవదు కదా."

"పగడాల రాళ్ళు?" రాజకుమారి అడిగింది.

"వాటిని ముట్టుకోకూడదు, చట్టం ఒప్పుకోదు. మీ పొలంలో సున్నపురాళ్ళు ఉన్నాయి కదా, తెచ్చి మా కాలవలో పడేయండి. ఆరు నెలలు సముద్రం నీట్లో నానితే వాటి మీద పాచి, పురుగు, నీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవులు అన్నీ పడతాయి."

"అయితే మా రాళ్ళు సదువుకి భీమిలొత్తాయన్నమాట" అన్నాడు మల్లేశు. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

ఆ నవ్వులోనే కొండబాబు ఆగిపోయాడు. "మీకు కరెంటెలా ఉంటాది?"

మల్లేశు తల అడ్డంగా ఊపాడు. వానాకాలంలో ఘాట్‌లో ఒక చెట్టు తీగల మీద పడితే మూడేసి రోజులు కరెంటుండదు.

"వెచ్చదనానికి ఫర్వాలేదు, అంత నీరు బేగి చల్లారదు" అన్నాడు కొండబాబు. "నీట్లోకి ఊదే గాలి ఆగిపోతే మాత్రం చేపలు పూటలో పోతాయి. జనరేటర్ పెట్టినా, మీరిద్దరూ ఇంట్లో లేనప్పుడు ఎవరు వేస్తారు? కరెంటు సంగతి తేల్చుకోకుండా ఇటుక పెట్టకండి."

తిరుగు బస్సులో రాజకుమారి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మల్లేశు పల్లీల పొట్లం ఇస్తే తీసుకుంది గానీ విప్పలేదు.

కాఫీ పళ్ళు కోతకొచ్చాయి. కొత్త ఇంటి స్థలం వెనక, వేసవిలోనూ ఎండని గెడ్డ ఒకటి గట్టు మీంచి దూకుతుంది. అక్కడ్నుంచి లావుపాటి గొట్టం దించి, తొక్క తీసిన గింజల్ని కడుగుతారు. ఆ ఆదివారం రాజకుమారి తొట్టిలో గింజలు కలుపుతోంది. పైన గొట్టం మూతి నీట్లో సగమే మునిగి గుటక వేసినట్టు చప్పుడు చేస్తోంది. కింద తొట్టిలో నీళ్ళతో పాటు తెల్లటి బుడగలు బుసబుసా పొంగుతున్నాయి.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"మావా! మావా, ఇలా రా, బేగి!"

పామేమో అనుకుని మల్లేశు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"గాలి! నీళ్ళు గాలిని మింగి కిందకి తెస్తన్నాయి. ఈ బుడగల్ని డ్రమ్ములో పట్టి మూత బిగించామనుకో, నీరు అడుగునుంచి పోతాది, గాలి పైన ఉండిపోతాది. అక్కడ సన్న ట్యూబు పెడితే... కరెంటెందుకు మనకి?"

మల్లేశు గొట్టం వంకా, భార్య వంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత కర్ర అవతల పారేసి డ్రమ్ము కోసం కొట్టంలోకి పరిగెత్తాడు.

మొదటి ప్రయత్నంలో చెయ్యి పెడితే ట్యూబులో గాలి తగిలింది గానీ, లోతు బకెట్‌లో ముంచితే ఒక్క బుడగా రాలేదు. గాలికి తొయ్యడానికి బలం చాలలేదు. అడుగునుంచి నీరు పోయే గొట్టాన్ని పైకెత్తితే డ్రమ్ములో గాలి నొక్కుకుంటుందని రాజకుమారి లెక్క. "అయితే డ్రమ్ముని గోతిలోకి దించేద్దాం, నీరు మనిసెత్తు ఎక్కి బయటికెల్తాది" అన్నాడు మల్లేశు. వారమంతా తవ్వాడు. మళ్ళీ బిగించి ట్యూబుని బకెట్‌లో పెట్టగానే నీరు తెర్లినట్టు బుడగలు లేచాయి. రాజకుమారి తడిచీరతోనే చప్పట్లు కొడుతూ గెంతింది. గాదె దగ్గర్నుంచి దేముడమ్మ, "ఏటయ్యింది మీకు? దెయ్యం పట్టిందేటి?" అని కేకేసింది.

ఆ తర్వాత పనులు ఆగలేదు. పునాది రాయి తగిలేదాకా దిగింది. కొండ రాళ్ళు లారీ ఎక్కి భీమిలి వెళ్ళాయి. అద్దం వచ్చిన రోజున లారీ ఘాట్‌లో నడకలా పాకుతూ ఎక్కింది. ప్రతి మలుపులోనూ మల్లేశు దిగి ముందు నడిచాడు. గూడెంలో మగవాళ్ళంతా భుజం పట్టి, గోడల్లేని ఇంట్లోకి అద్దాన్ని తెచ్చి నిలబెట్టారు. అప్పుడే దాని చుట్టూ ఇల్లు లేచింది. గెడ్డ నీళ్ళు నింపి నెల్లాళ్ళు చూశారు. చుక్క కారలేదు.

ఆ నీళ్ళు తోడేసి, గోతిలో డ్రమ్ము నుంచి గాలి ట్యూబుని తొట్టిలోకి లాగారు. రాళ్ళు తిరిగొచ్చాయి. వెనకే టాంకర్‌లో సముద్రం నీరొచ్చింది. గొట్టం విప్పగానే దేముడమ్మ ముందుకొచ్చి దోసిలి పట్టి నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"నిజంగానే ఉప్పే! ఓరి నా బంగారు కొండా, ఇంత ఉప్పా!" ముసలమ్మ కళ్ళు మెరిశాయి. ఆ రోజంతా నీళ్ళ పక్కనుంచి కదలలేదు.

నీరు కుదురుకున్నాక కొండబాబు గాలి నింపిన సంచుల్లో చేపల్ని తెచ్చాడు. పసుపు వీపు మీద నల్ల చారలున్నవి, నీలంగా మెరిసేవి, రాయి కింద దాక్కునే గోబీలనే చిన్న చేపలు. రాజకుమారి సంచి మూతిని నీళ్ళలోకి వంచింది. చారల చేప ఒకటి బయటికొచ్చి, ఒక్కసారి ఆగి, తొట్టి ఆ చివరికి దూసుకుపోయింది. గదంతా ఓయ్ అని అరిచింది.

శ్రావణంలో తుఫాను పట్టి తీగలు తెగి, నాలుగు రోజులు కరెంటు రాలేదు. పంపు ఆగింది, దీపాలు ఆరాయి. గెడ్డ మాత్రం మరింత జోరందుకుంది. లాంతరు వెలుగులో బుడగలు తెల్లగా పైకి లేస్తూనే ఉన్నాయి. చేపలన్నీ బతికాయి.

మరుసటి ఏడు వేసవిలో ఒక ఉదయం రాజకుమారి మేత వెయ్యబోతే చారల చేప ఒకటి ఆమె చేతి మీదకి దూకింది. ఎప్పుడూ అలా చెయ్యలేదు. వంగి చూస్తే దాని వెనక రాయి మీద అరచేయంత మేర ఊదారంగు పొర ఉంది. ఇంకా దగ్గరగా చూసింది. పొర కాదు, గుడ్లు.

స్కూలు గంట సంగతి మరిచిపోయి ఆమె రోడ్డు మీద ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తింది. భీమిలికి ఫోను కలిపి, అవతల కొండబాబు హలో అనకముందే అరిచింది:

"గుడ్లు పెట్టీసింది! మా కొండ మీద గుడ్లు పెట్టీసింది! పిల్లలొస్తే ఏటి మేపాలో బేగి చెప్పు!"