కొవ్వూరు పేజీ

రైలు పట్టా అన్నదే లేని దీవిలో మా ఆయన గురునాథానికి రైళ్ల పిచ్చి. పోర్ట్ బ్లెయిర్‌లో అందరూ ఓడెక్కి వచ్చే చుట్టాలను ఆవకాయ తెమ్మంటారు. ఈయన పాత రైలు టైంటేబుళ్లు తెమ్మంటాడు. చాతం రంపపు మిల్లులో చేసిన ముప్పయ్యేళ్లూ, డిగ్నాబాద్‌లోని మా రెండు గదుల ఇంట్లో బట్టలకు దొరకని బీరువా ఆ కాయితాలకు దొరికింది. రైల్లో భోజనానికి ఇచ్చిన మెనూ కార్డులు, ఊటీ బండి బొమ్మలున్న కరపత్రాలు, అన్నీ అందులోనే. ఒక మెనూలో కట్లెట్ పక్కన పడ్డ నూనె మరకను కూడా చూపించి మురిసిపోయేవాడు. నేను వండిన కూర మీద ఏనాడూ అంత మురిపెం లేదు.

అలాంటి మనిషి మొన్న శుక్రవారం అన్నీ అట్టపెట్టెల్లో సర్ది తాళ్లు కట్టేశాడు. తనలాగే ఇవి పోగుచేసే లోకనాథం గారని హైదరాబాదాయన ఆదివారం వచ్చి పట్టుకుపోతాడట. ఊరికే.

"ఎందుకయ్యా?" అంటే, "నాకా కళ్లు ఆనడం నేదు. మన తరవాత ఈ ఇంట్లో తెలుగు చదివీవోళ్లు ఎవులున్నారే? చెదలకి పెట్టీకంటే ఆయనకిచ్చీడం మేలు" అన్నాడు.

ఆ మాట మా మనవరాలు స్వాతికి తగిలింది. పదహారేళ్లది. సగం హిందీ కలిపి తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, బడిలో చదివేది హిందీ, ఇంగ్లీషే. నిరుడు తాతకు ఇష్టమైన తెలుగు టైంటేబులు తలకిందులుగా పట్టుకుంటే ఆయన ముఖం మాడిపోయింది. ఇప్పుడు పోయేవి కాయితాలు కావు, ఆయన ప్రాణం. తెలిసీ నేను నోరు మెదపలేదు. నా కారణం నాకుంది.

ఆదివారం పొద్దున్న పెట్టెలు లెక్క చూసుకోబోయినాయన అలాగే నిలబడిపోయాడు. పైపెట్టె మీద నోటుబుక్కు కాయితం అంటించి ఉంది. కోడి గీకినట్టు పెద్ద పెద్ద అక్షరాలు: "తాతా ఇవకు".

"ఇవకేటి? ఎవులు రాసేరిది?"

"నేనే తాతా" అంది స్వాతి, తలుపు దగ్గర నిలబడి. "ఇవ్వకు అని."

"నీకు తెలుగు ఎవులు నేర్పేరు?"

"నీ టైంటేబులే. ఇంగ్లీష్‌ది, తెలుగుది ఒకే సాల్‌వి రెండున్నాయి కదా. టైమ్ రెండిట్లో సేమ్. ఇంగ్లీష్‌లో ఆ టైముకి తుని ఉంటే, తెలుగులో ఆ టైము పక్కనున్నది కూడా తునీయే. అలాగే నిరుడు నుంచి నువ్వు చూడకుండా ఒక్కో స్టేషన్ పట్టీసేను." వేళ్లు మడుస్తూ చెప్పింది. "ఇచ్ఛాపురంలో ఇ. కొత్తవలసలో వ. శ్రీకాకుళంలో కు. త కూడా కొత్తవలసదే, శ్రీకాకుళంలో కా లాగ దీర్ఘం పెడితే తా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి వ కింద వత్తేదమ్మా?"

"వో మిలా హీ నహీ తాతా. రాజమండ్రి తరవాత పేజీ లేదు."

రాజమండ్రి దాటితే కొవ్వూరు. ఆ పేజీ కోసం ఆయన ఎన్నేళ్లు వెతికాడో, ఎన్నిసార్లు చెదలను తిట్టాడో నాకు తెలుసు. దొంగకు తేలు కుట్టినట్టు ఇన్నాళ్లూ ఊరుకున్నాను; పెట్టెలతో పాటు ఆ గుట్టూ పోతుందనుకున్నాను. ఇక నా వల్ల కాలేదు.

"చెదలు కాదు. నానే చింపీసేను. మన కొడుకు మణికుమార్ పుట్టిన ఏడు జంతికల డబ్బా అడుక్కి ఏసీసేను."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ ఏడు జంతికలు కూడా మెత్తబడిపోయేయి" అన్నాడు.

స్వాతి చేతిలోని పెన్ను తీసుకుని, ఆ కాయితం అడుగున "కొవ్వూరు" అని రాసి, వత్తును రెండుసార్లు దిద్ది చూపించాడు. స్వాతి తన "ఇవకు"లో వ కింద కూడా ఒక వత్తు పెట్టుకుంది.

అంతలో ఫోను మోగింది. లోకనాథం గారు హోటల్ నుంచి బయల్దేరుతున్నారట. "రండి రండి, టీ తాగుదురు గాని" అని పెట్టేశాడు ఆయన. పెట్టెల మాట ఎత్తలేదు. స్వాతి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన మళ్లీ పెన్ను తీసి, కొవ్వూరు పక్కన ఇంకో మాట రాసి కాయితం దాని చేతిలో పెట్టాడు. నేను చదవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇ..." అంది స్వాతి. వేలు కొవ్వూరు మీదికి వెళ్లి, తిరిగి వచ్చింది. "ఇవ్వ... ఇవ్వను!"

పెట్టెల తాళ్లు నేనే విప్పాను.