ఈసారి చెరువు చూపిద్దాం

దొర కాపలావాడు మా ఎవుఫ్రోసినా పెద్దమ్మ బిందెను కాలితో తన్నాడు. నీళ్లు దుమ్ములో ఇంకిపోయాయి. రిగోబెర్టో దొర గోడకు అటువైపు, సరిహద్దు దాటి అమెరికా పోయే ఆకుకూరల మీద తుంపర్లు ఎగురుతున్నాయి. ఇటువైపు ఊరంతా నిలబడి చూశాం. ఒక్కరం కదల్లేదు. ముసలిదానికి ఇలాగే కావాలి అనుకున్నవాళ్లే ఎక్కువ.

ఎందుకంటే విత్తమని చెప్పింది ఆమే. మా జకతెకాస్ మెట్టలో తాతలనాటి లెక్క ఒకటుంది. జనవరి మొదటి పన్నెండు రోజులే ఏడాదిలోని పన్నెండు నెలలు. ఆరో రోజు మబ్బు పడితే జూన్‌లో వాన. మబ్బు పడింది. పెద్దమ్మ గుట్ట దిగొచ్చి "విత్తండి" అంది. ఇళ్లలో ఉన్న గింజలన్నీ ఊడ్చి విత్తేశాం. జూన్‌లో వాన వచ్చింది. నెలంతా కురవాల్సింది ఒక్క మధ్యాహ్నమే కుమ్మరించి, వాలు మీది మట్టిని ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత చుక్క లేదు. మొక్కజొన్న మోకాలెత్తులోనే మాడిపోయింది.

మిగిలింది గోడ పక్కన పెద్దమ్మ నీలి మొక్కజొన్న మడి ఒక్కటే. బిందెలతో మోసి బతికించింది. కంకి పాలుపోసుకునే వేళ. ఒక్క తడి అందకపోతే వచ్చే ఏటికి ఊళ్లో విత్తనమే ఉండదు.

చర్చి ముందు అందరం కూడాం.

"నీ నోట్లో మన్ను పడ!" సెవెరో లేచాడు. వాడికి నలుగురు పిల్లలు. "తోర్తియా రొట్టెలు దేంతో చెయ్యాలే ముసలీ? నీ జనవరితోనా?"

బడి టీచరమ్మ అమాలియా అడ్డం వచ్చింది. "ఆవిణ్ణంటే ఏం లాభం? ఎక్కడో పెద్ద దేశాలు బొగ్గూ పెట్రోలూ కాల్చిన పొగకి గాలి వేడెక్కింది. ఆ వేడి నేలలో తడిని పీల్చేస్తుంది. ఇకముందు మనకి వానలు ఎడం ఎడంగా పడొచ్చు, పడితే కుండపోతగా. పాత లెక్కలు కుదరవు."

"బాగుంది! పొగ వాళ్లది, ఎండ మాత్రం మనదా?" అన్నాడు సెవెరో.

"అంతే మరి!" అంది టీచరమ్మ.

పెద్దమ్మ మెల్లిగా లేచింది. "తిట్టండ్రా. నన్ను నమ్మి మునిగారు. కానీ ఆ ఒక్కరోజు వాన ఎటుపోయింది? మన వాలు మీద పడి, మన మట్టితో సహా దొర చెరువులో చేరింది. వాన మారింది సరే, ఆ గోడ మారలేదే!"



కరువొస్తే చర్చిలోని రైతుల స్వామి సాన్ ఇసిద్రో విగ్రహాన్ని భుజాలకెత్తుకుని మాడిన పొలాలు చూపించడం మా ఆచారం. చూసైనా జాలిపడతాడని. సెవెరో పల్లకీ పొలాల దారి పట్టించబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పొలాలు చూసీ చూసీ ఆయన విసిగిపోయాడు. ఈసారి చెరువు చూపిద్దాం."

కాపలావాడు స్వామికి అడ్డం రాలేకపోయాడు. తీసుకెళ్లి, పెద్దమ్మ మడి వైపున్న చెరువు తూము మీద దించాం. పోలీసులొచ్చారు. స్వామిని చూసి శిలువ గుర్తు వేసుకున్నారు గానీ, తుపాకులు మాత్రం మావైపే తిప్పారు. తూము చక్రం ముట్టుకుంటే కాలుస్తామన్నారు. తాగే నీళ్లు కూడా రానివ్వలేదు.

"ఒక్క తడి దొరా," అంది పెద్దమ్మ. "తిండికి కాదు, విత్తనానికి."

"ఆకాశాన్ని అడుక్కో," అన్నాడు రిగోబెర్టో.

మిట్టమధ్యాహ్నమైంది. "నీడకి రా పెద్దమ్మా," అని సెవెరో బతిమాలాడు.

"నేను లేస్తే స్వామిని ఇక్కణ్ణుంచి లేపేస్తార్రా."

స్వామి పాదాలకు ఆనుకుని అలాగే కూర్చుంది. కునుకు పట్టిందనుకున్నాం. సెవెరో భుజం తట్టి చూశాడు. "పెద్దమ్మా! ఓ పెద్దమ్మా!" ఎదురుగా చెరువు నిండా నీళ్లు. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. ఏం చెప్పను, ఊపిరి లేదు.

"ఈ నోటితోనే గదా అన్నాను, ఈ నోటితోనే!" సెవెరో తన నోటిమీద తానే కొట్టుకున్నాడు. కొట్టుకుని, ఆ చేతినే చక్రం మీద వేశాడు. దానిమీద టీచరమ్మ చెయ్యి పడింది. తర్వాత నాది. తర్వాత ఎవరిదో తెలియదు.

"కాల్చండ్రా!" అని అరిచాడు సెవెరో.

పోలీసులు కాల్చలేదు, తుపాకీ మడమలతో విరగబొడిచారు. మేం చేతులు తియ్యలేదు. చక్రం తిరిగింది. నీళ్లు పెద్దమ్మ మడికి చేరేసరికి సెవెరోకీ టీచరమ్మకీ బేడీలు పడ్డాయి.

కంకులు కొన్నే వచ్చాయి. ఇంటికో గుప్పెడు విత్తనం పంచుకున్నాం. జైల్లో ఉన్న ఆ ఇద్దరి ఇళ్లకే ముందు ఇచ్చాం.

మళ్లీ జనవరి వచ్చింది. ఆరో రోజు పొద్దున్నే, ఎవరూ పిలవకుండానే, ఊరంతా, పెద్దమ్మ మబ్బు చూసేందుకు నిలబడే గుట్ట ఎక్కాం. మబ్బు పట్టిందో లేదో నాకు గుర్తులేదు. అందరం చెరువుకేసే చూస్తున్నాం. స్వామి మా భుజాల మీద ఉన్నాడు.