ఎర్ర పోంచో

మా ఊరి ఔసంగాతే మంచుకొండ కింది చెరువు దగ్గర ఫోటోలు తీయడం నేర్పడానికి రాజధాని లిమా నుంచి రెంజో మాస్టారు వచ్చారు. అందరిలాగే నేనూ ఫీజు కట్టి, సొంత కెమెరాతో వెళ్లాను. తక్కినవాళ్లంతా పట్నంవాళ్లు. ఆ కొండ కింద పుట్టినదాన్ని నేనొక్కదాన్నే.

"కొండ ఎంత పెద్దదో తెలియాలంటే ఫోటోలో ఓ చిన్న మనిషి ఉండాలి," అంటూ మాస్టారు సంచిలోంచి తలమీంచి తొడుక్కునే ఎర్ర ఉన్ని పోంచో తీసి నా చేతిలో పెట్టారు. "బసీలియా, ఇది వేసుకుని అవతలి ఒడ్డున నిలబడు. మొహం కడుక్కోనక్కర్లేదులే, ఎలాగూ కనపడదు."

నాకు ఒళ్లు మండింది.

"పోంచో మా ఊళ్లో మగవాళ్ల బట్ట, మాస్టారూ. నేను వేసుకుంటే మా మందలోని లామాలు కూడా నవ్వుతాయి. మీరు వేసుకోండి."

అందరూ నవ్వేసరికి ఆయనకు తప్పలేదు. అవతలి ఒడ్డుకు వెళ్లి నిలబడ్డారు. నేను నేలమీద బోర్లా పడుకుని, మబ్బు తొలగి మంచుమీద ఎండ పడేదాకా ఆయన్ని కదలనివ్వలేదు. అప్పుడు నొక్కాను.

ఫోటోలో కొండ ఆకాశమంత ఉంది. దాని కింద ఓ ఎర్రచుక్క.

"బాగా తీశావు," అన్నారు మాస్టారు చాలాసేపు చూసి. "కానీ అది నేనని ఎవరికీ తెలియదే."

"అందుకేగా మాస్టారూ, మిమ్మల్ని మొహం కడుక్కోమనలేదు."