విరగని కర్ర

మా బావ దుకాణంలోకి రాగానే ముందు ఆయన చేతివైపు చూశాను. కుడి మణికట్టు చుట్టూ చర్మం లేచిపోయి, ఎర్రగాజు తొడుక్కున్నట్టుంది.

"మళ్ళీ తాడు కట్టుకున్నావా?" అన్నాను.

"బావ వస్తే ముందు కూర్చోమనాలే మరదలా. నీకు మర్యాద నేర్పలేక మీ అక్క ఎప్పుడో చేతులెత్తేసింది," అంటూ తనే స్టూలు లాక్కున్నాడు.

నాది గాలాల దుకాణం. సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్ళకట్ట మీద నిలబడి బొమ్మచేపలు విసిరేవాళ్ళే నా బేరాలు. బొమ్మచేప అంటే వేలెడు ఎర. ఒళ్ళంతా రంగులు, కడుపు కింద ముళ్ళు. దాన్ని దూరంగా విసిరి లాక్కొస్తుంటే ప్రాణమున్నదే అనుకుని పెద్దచేప మింగుతుంది. ఆ ఊపుకి గాలం కర్ర ఎక్కడ చేజారిపోతుందోనని కట్ట మీద వాళ్ళకో అలవాటుండేది. కర్ర పిడికి తాడు కట్టి, రెండో కొస మణికట్టుకి ముడేసుకునేవాళ్ళు. పోయినేడు అలా కట్టుకున్న ఐసు ఫ్యాక్టరీ ఓనరు శవాన్ని సముద్రం ఒడ్డుకి తోసినప్పుడు ఆయన కర్ర కూడా ఆయనతోనే వచ్చింది. ముడి అలాగే ఉంది. ఆ తర్వాత అందరూ తాళ్ళు విప్పి పారేశారు, మా బావ తప్ప. మొండిఘటం అన్న మాట ఆయన కోసమే పుట్టి ఉంటుంది.

"కట్ట చివర ఒకటుంది," అన్నాడు గొంతు తగ్గించి. "చేపేనా అని అడక్కు, నాకూ తెలీదు. ఒక్కసారి కూడా పైకి తేలలేదు. కర్ర విరిచేసి పోతోంది. మొన్నటిది మూడోది. విరిచాక కూడా వెంటనే పోదే. అక్కడే కింద ఉంటుంది. నాకు తెలుస్తుంటుంది."

ఎప్పుడూ మాటకి ముందు నవ్వే మనిషి. ఈసారి నవ్వలేదు. అది నాకు అస్సలు నచ్చలేదు.

"విరగని కర్ర ఇవ్వు," అన్నాడు.

పొద్దున్నే అక్క ఫోన్ చేసి ఉంది. "మీ బావ వస్తారే. విరిగేదే ఇవ్వు. విరిగితేనే ఇంటికొస్తున్నారు," అంది. సరేనన్నాను కానీ, ఆయన వచ్చేలోపు నాలో నేనే తగువు పడ్డాను. నాసిరకం కర్ర ఊపు మీద విరిగితే, వెనక్కి లాగుతున్న మనిషి అదుపు తప్పి రాళ్ళ మీద పడతాడు. గట్టి కర్ర ఎవరినీ ముంచదు. చేత్తో పట్టుకున్నది వదిలెయ్యొచ్చు. ముంచేది తాడు. అందుకని బేరం పెట్టాను.

"ఆ తాడు ఇక్కడ పెట్టు. ఇక కట్టుకోనని అక్క మీద ఒట్టెయ్యి. అప్పుడు విరగని కర్ర ఇస్తా."

నా మొహంలోకి కాసేపు చూసి, జేబులోంచి తాడు తీసి బల్ల మీద పడేశాడు. "మీ అక్క మీద ఒట్టు, చేతికి ఇక ఏదీ కట్టుకోను. తృప్తేనా?"

తృప్తే. చెప్పొద్దూ, నా అంత తెలివైనది లేదనుకున్నాను.

ఇక కర్రల పని పట్టాం. కార్బన్ కర్ర తీసి చేతిలో పెట్టాను. ఈకలా తేలిక, ఎంత దూరమైనా విసురుతుంది. "ఇది సొగసుకత్తె. రాయికి ఎక్కడో గీసుకుంటే పైకి కనపడదు. ఏదో ఒకనాడు పుటుక్కుమంటుంది. నీ మూడూ ఇవే," అన్నాను. రెండు ముక్కలుగా ఊడేది చూపిస్తే, "అతుకు దగ్గరే కదా పోయేది," అని తనే పక్కన పెట్టాడు. చివరికి అటక మీంచి ఫైబర్ కర్ర దించాను. ఒకటే ముక్క, బరువెక్కువ, విసిరితే భుజం పట్టేస్తుంది. కానీ ఎంత వంచినా వంగుతుంది తప్ప విరగదు. దారం దూరే కళ్ళల్లో ఒక్కోదాంట్లోంచి దూదిపింజ లాగి చూశాను. ఎక్కడైనా పగులుంటే దూది చిక్కుకుంటుంది. చిక్కుకోలేదు. పెరట్లోకి తీసుకెళ్ళి, కొసకి నీళ్ళబకెట్ వేలాడదీసి ఎత్తమన్నాను. కర్ర విల్లులా వంగింది. బకెట్ లేచింది. బావ కళ్ళు మెరిశాయి.

"ఇదే," అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "పిడి చివర ఓ స్టీలు రింగు బిగించవూ? మూలన నిలబెడితే జారిపడుతోందని మీ అక్క చంపేస్తోంది. గోడకి మేకు కొట్టి తగిలించుకుంటా," అన్నాడు.

పిడికి రంధ్రం చేసి, జిగురు పోసి, మరతో బిగించాను. నా పని అంటే నాకు కాస్త గర్వం. రింగుని రెండు చేతులతో లాగి చూసి, "ఏనుగుని కట్టినా ఊడదు," అని చేతిలో పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం అక్క వచ్చింది. గాలి ఎక్కువగా ఉంది. సముద్రం బూడిదరంగుకి తిరిగింది, కట్ట మీద ఒక్కరూ లేరు. అక్క కారు దిగి తలుపు కూడా వేయకుండా లోపలికి వచ్చింది.

"ఆయన షెడ్డులో లేరు. ఇది చూడవే, ఈయనకి మతిపోయింది," అంది. బావది కార్లు బాగుచేసే షెడ్డు. సొంత కారుకి మరమ్మతేమోనని బయటకెళ్ళి చూశాను. డ్రైవరు సీటు పక్కన బెల్టు లేదు. మొదలంటా కత్తితో కోసేసి ఉంది. "పొద్దున బయల్దేరదామని లాగితే చేతికి ముక్కే వచ్చింది. బెల్టుతో ఏం పనే ఈయనకి?"

నిన్నటి ఒట్టు గుర్తొచ్చింది. చేతికి కట్టుకోనన్నాడు. నడుముకి కట్టుకోనని అనలేదు.

"అక్కా, ఇంట్లో గోడకి మేకేమైనా కొట్టాడా?"

"మేకేంటే?"

ఇక నేను ఆగలేదు. దుకాణం అలాగే వదిలేసి ఇద్దరం కట్ట వైపు పరిగెత్తాం. రాళ్ళు తడిసి జారుతున్నాయి. అక్క రెండుసార్లు పడింది, రెండుసార్లూ లేచి పరిగెత్తింది. దారి పొడవునా నా చేతులకి ఆ మర తిప్పడమే గుర్తొస్తోంది. ఎంత శ్రద్ధగా బిగించానో!

కట్ట చివర కర్ర కనపడింది. కొస రెండు రాళ్ళ సందులో ఇరుక్కుపోయింది. పిడి వైపు, రాళ్ళ మధ్య నీళ్ళు చొచ్చుకొచ్చే గండి మీదుగా కిందికి వంగి ఉంది. మనిషి లేడు. పిడి చివర నా రింగు, రింగుకి కొక్కెం, కొక్కెం నుంచి నల్లటి కారు బెల్టు నిటారుగా కిందికి దిగి ఉంది. కర్ర మెల్లగా పైకీ కిందికీ ఊగుతోంది. అక్కే ముందు వెళ్ళి తొంగిచూసింది.

"ఉన్నారే! పట్టుకో!" అని అరిచింది.

గండిలో నడుముకి బెల్టుతో వేలాడుతున్నాడు. అల వచ్చినప్పుడల్లా గడ్డం దాకా మునిగి తేలుతున్నాడు. ఆ కర్ర విరిగి ఉంటేనా, కింద పట్టుకోవడానికి గడ్డిపరక కూడా లేదు. బెల్టు పట్టుకుని ఇద్దరం వెనక్కి వాలి లాగాం. ప్రతి లాగుడికీ కర్ర మూలిగింది. రింగు కదలలేదు. ఎలా లాగామో తెలీదు, తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి మోకాళ్ళ మీద పైకి పాకి, మా కాళ్ళ దగ్గర బోర్లా పడ్డాడు.

నాకు ఏడుపొచ్చేసింది. బతికాడు. నేనిచ్చిన కర్రే కాపాడింది. తనని తాను కట్టేసుకోవడానికి అది లేకపోతే అసలు కిందికి పోయేవాడే కాడన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు.

బావ దగ్గి, నీళ్ళు కక్కి, తల తిప్పి నన్ను చూశాడు. నవ్వాడు.

"చూశావా మరదలా, దారం తెగింది. కర్ర విరగలేదు," అన్నాడు. "దారం మార్చాలి. ఇంకా లావుది ఉందా నీ దగ్గర?"

అక్క ఆయన నడుము దగ్గర బెల్టు విప్పబోతోంది. బావ తన చెయ్యి ఆమె చేతి మీద పెట్టి, మెత్తగా పక్కకి తోసేశాడు.

"ఉండనీవే," అన్నాడు నీళ్ళవైపు చూస్తూ. "అది పోలేదు. కిందే ఉంది."

అక్క నన్ను చూసింది. విరిగేదే ఇవ్వమన్న తన మాట ఆ చూపులోనే ఉంది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కొక్కెం ఊడదీసి కర్రని సందులోంచి లాగాను. మోకాలికి అడ్డం పెట్టి, రెండు చేతులతో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వంచాను. వంగింది. వదిలితే తిన్నగా అయింది. రాయి మీద కొట్టాను. చేతులు జివ్వుమన్నాయి, దానికి గీత పడింది, అంతే. మళ్ళీ వంచాను. మళ్ళీ వంగింది.

బావ కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపాడు.

"ఊరికే అలిసిపోకు. అది విరగదు," అన్నాడు ఓపిగ్గా. "నువ్వే కదా ఏరి ఇచ్చావు. ఇటివ్వు."